పరాయి జైల్లో పోయిన రోజులకు పరిహారం ఎలా అడగాలి

మా ఆయన పరాయి దేశం జైలు నుంచి వచ్చినప్పుడు చేతిలో ఒక సర్టిఫికెట్ ఉంది. ఫ్రెంచి భాష, కింద జైలు అధికారి సంతకం, గుండ్రటి ముద్ర, మధ్యలో 292 రోజులు అనే అంకె. ఇక్కడ విశాఖ మర్రిపాలెంలో నేను వంటగది క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రోజుకొక గీత పెట్టుకుంటూ వచ్చాను. నా లెక్క 311. ఆ 19 రోజులు ఎక్కడ పోయాయో తేల్చడానికి రెండు నెలలు పట్టింది. జైలుకి పంపకముందు పోర్టు పోలీసులు వాళ్లని ఒక గోదాము గదిలో ఉంచారట. ఆ గదికి రిజిస్టరు లేదు. జైలు వాళ్లు జైలు గేటు దాటిన రోజు నుంచే లెక్క రాశారు.

పరిహారం అడిగేవాళ్లకి అన్నిటికంటే ముందు కావలసింది రోజుల లెక్క. అందుకే దీంతో మొదలుపెట్టాను.

మా ఆయన చిన్న ఆయిల్ ట్యాంకర్‌లో ఫిట్టర్. 2021 ఆగస్టు 14న పశ్చిమ ఆఫ్రికా తీరంలో ఒక దేశం నేవీ, దొంగ డీజిల్ మోస్తున్నారని ఓడని పట్టుకుంది. ఓడలో 14 మంది. అందులో 9 మంది మన దేశం వాళ్లు, ఇద్దరు మన విశాఖ వాళ్లు. 2022 జూన్ 21న అక్కడి కోర్టు సరుకు కాగితాలన్నీ సరైనవేనని తేల్చి కేసు కొట్టేసింది. మేం వేసిన పరిహారం దావా ఇంకా నడుస్తోంది కాబట్టి ఆ దేశం పేరు, ఓడ పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ నాలుగేళ్లలో నేను నేర్చుకున్నది ఇంకో ఇంట్లో ఉపయోగపడాలి. ఆదివారం మధ్యాహ్నాలు గాజువాక నుంచి, మల్కాపురం నుంచి, ఒక్కోసారి శ్రీకాకుళం నుంచి కూడా ఓడల్లో పనిచేసే సీమెన్ ఇళ్ల ఆడవాళ్లు కాగితాలు పట్టుకుని వస్తుంటారు. అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "అక్కా, ఎంబసీ వాళ్లు డబ్బులిప్పిస్తారా?"

నేరుగా ఇప్పించరు. అది ముందే తెలిస్తే మనసు కష్టపెట్టుకోవడం తగ్గుతుంది, పని కూడా సవ్యంగా జరుగుతుంది. 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం ప్రకారం ఎంబసీ వాళ్లు జైలుకి వెళ్లి మనిషిని కలవొచ్చు, ఉత్తరాలు అందించొచ్చు, లాయరు దొరికేలా చూడొచ్చు. మన తరఫున అక్కడి కోర్టులో వాదించడం వాళ్ల పని కాదు. పరిహారం ముందు ఆ దేశం చట్టం ప్రకారం, ఆ దేశం కోర్టులోనే అడగాలి. అక్కడ ఉన్న దారులన్నీ తొక్కి, న్యాయం దొరకలేదని తేలాకే మన ప్రభుత్వం దాన్ని తన ఫిర్యాదుగా ఎత్తుకుని ఆ ప్రభుత్వాన్ని అడుగుతుంది. దీన్నే దౌత్య రక్షణ అంటారు. గట్టు తగాదాలో ఊరి పెద్దల దగ్గరికి వెళ్లకుండా తిన్నగా కలెక్టరు దగ్గరికి వెళితే ముందు ఏమడుగుతారో మనకి తెలుసు కదా, ఇక్కడా అదే అడుగుతారు. ఎత్తుకోవాలా వద్దా అన్నది కూడా ప్రభుత్వం ఇష్టమే, తప్పనిసరి కాదు.

మన కోర్టులోనే ఆ దేశం మీద దావా వేస్తే అని కొందరు అడుగుతారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 86వ సెక్షన్ ప్రకారం విదేశీ ప్రభుత్వం మీద దావాకి కేంద్రం రాతపూర్వక అనుమతి కావాలి. ఆ దారి మీద ఆశ పెట్టుకుని ఏళ్లు పోగొట్టుకోకండి.

మనిషి ఇంకా లోపల ఉన్నప్పుడే

విడుదలయ్యాక చూద్దాంలే అనుకుంటే సగం సాక్ష్యం పోతుంది. ఆ టెన్షన్‌లో కాగితాల మీదికి ధ్యాస వెళ్లదు, నాకు తెలుసు. నేను మొదటి వారమంతా ఫోన్లు చేస్తూ ఏడుస్తూనే ఉన్నాను. ఇంట్లో కాస్త నిబ్బరంగా ఉన్న ఒక్కరికి, మరిది కానీ ఆడపడుచు కానీ, ఈ పని అప్పగించండి.

విదేశాంగ శాఖ మదద్ పోర్టల్లో ఫిర్యాదు నమోదు చేయండి. 2015 నుంచి ఉంది, పైసా ఖర్చు లేదు. నమోదు చేసిన వెంటనే వచ్చే నంబరుని ప్రింట్ తీసి పెట్టుకోండి. ఇంటి వాళ్లు భారత ప్రభుత్వానికి ఏ తేదీన చెప్పారో దానితో రుజువవుతుంది. మన రాష్ట్రం వాళ్లయితే ఏపీ ఎన్‌ఆర్‌టీ సొసైటీకి (విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ల కోసం పెట్టిన రాష్ట్ర సంస్థ) కూడా రాయండి.

తర్వాత వియన్నా ఒప్పందంలో 36వ అధికరణం గురించి తెలుసుకోండి. పరాయి దేశస్థుణ్ణి పట్టుకుంటే, మీ ఎంబసీకి చెప్పమంటావా అని ఆలస్యం చేయకుండా అతన్ని అడగాలి. అతను చెప్పమంటే వెంటనే చెప్పాలి. కుల్‌భూషణ్ జాదవ్ కేసులో 2019 జూలై 17న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం పాకిస్తాన్‌ని తప్పు పట్టింది ఈ అధికరణం మీదే. మా ఆయన్ని గోదాము గదిలో ఎవరూ ఆ మాట అడగలేదు. ఎంబసీకి సమాచారం వెళ్లింది 23వ రోజున, అది కూడా నేను మదద్‌లో పెట్టాకే. ఈ ఆలస్యానికి ప్రతి దేశమూ విడిగా డబ్బు కట్టదు. కానీ అరెస్టే పద్ధతి ప్రకారం జరగలేదని చూపించడానికి మా లాయరు పిటిషన్‌లో మొదటి పేజీలో పెట్టింది దీన్నే.

కాబట్టి ఎంబసీకి రాసే ఉత్తరంలో తేదీలు అడగండి. "నా భర్తని కాపాడండి" అని నాలుగు పేజీలు రాస్తే చదివే అధికారి జాలిపడతాడు, అంతకు మించి ఏం చేయాలో ఆయనకి తెలియదు. నేను మొదట పంపిన మూడు ఉత్తరాలు అలాంటివే, ఒక్కదానికీ పనికొచ్చే జవాబు రాలేదు. నాలుగోది మా వీధి చివర రిటైరైన పోర్టు హెడ్ క్లర్కు మావయ్యగారు దగ్గర కూర్చోబెట్టి రాయించారు. ఇంగ్లిషులో అరపేజీ. దాని సారం ఇది:

"నా భర్త పేరు ఇది, పాస్‌పోర్టు నంబరు ఇది, ఫలానా జైల్లో ఉన్నారు, మదద్ నంబరు ఇది. దయచేసి మూడు విషయాలు తెలపగలరు. అరెస్టు సంగతిని ఆ దేశం మీ కార్యాలయానికి ఏ తేదీన తెలిపింది? నా భర్తని కలవడానికి మీరు ఏ తేదీన అనుమతి అడిగారు, ఏ తేదీన ఇచ్చారు? కలిసినప్పుడు ఆయన ఆరోగ్యం ఎలా ఉందని మీ అధికారి నమోదు చేశారు?"

పదకొండో రోజుకి మూడు ప్రశ్నలకీ మూడు లైన్ల జవాబు వచ్చింది. ఆ జవాబు ఈరోజు కోర్టు ఫైల్లో ఉంది. ఎంబసీ వాళ్లు చేయగలిగిన చిన్న పని, తేదీతో సహా, ఒక ఉత్తరంలో రెండు మూడు మించకుండా అడగాలని అప్పుడు తెలుసుకున్నాను. వాళ్ల మీద కోపం ఎంత ఉన్నా ఉత్తరంలో పెట్టకండి. రేపు తీర్పు సర్టిఫైడ్ కాపీ కోసం అక్కడి విదేశాంగ శాఖకి నోట్ పంపాల్సింది ఆ అధికారే. అలాగని బతిమాలనూ వద్దు. జవాబు రాకపోతే 15 రోజులకి పాత ఉత్తరం తేదీ చెప్తూ మళ్లీ రాయండి. అప్పటికీ రాకపోతే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో ఏదో ఒక జవాబు ఇవ్వాలి.

19 రోజుల సంగతికి వస్తాను. దానికి సాక్ష్యం ఎక్కడ దొరికిందంటే, ఓడ కెప్టెన్ లాగ్‌బుక్‌లో ఆగస్టు 14న "సిబ్బందిని ఒడ్డుకు తీసుకెళ్లారు" అని ఒక లైను ఉంది. అక్కడి పోర్టు ఏజెంటు ఓనరుకి రాసిన ఈమెయిల్‌లో "14 మందికి భోజనం పంపుతున్నాం" అని ఉంది, దానికి రోజువారీ బిల్లులు ఉన్నాయి. భోజనం బిల్లు! అది చూసినప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆ గదిలో మా ఆయన అన్నం తిన్న ప్రతి పూటకీ ఒక కాగితం ఉందన్నమాట. మీ వాళ్లు జైలుకి వెళ్లకముందు ఎక్కడ ఉన్నా, హోటల్ గదిలో కాపలా పెట్టినా, ఓడలోనే కదలనివ్వకపోయినా, ఎవరో ఒకరు తిండికి డబ్బు కట్టి ఉంటారు. వాళ్లని అడగండి.

బయటికొచ్చేటప్పుడు పెట్టించుకునే సంతకం

ఈ ఒక్క విషయం లోపల ఉన్నవాళ్లకి ఎలాగైనా చేరవేయండి. విడుదల రోజున చాలా చోట్ల ఒక కాగితం మీద సంతకం అడుగుతారు. నా వస్తువులన్నీ అందాయి, నన్ను బాగా చూసుకున్నారు, నాకు ఎవరి మీదా ఏ క్లెయిమూ లేదు అని అందులో ఉంటుంది. భాష తెలియదు, బయట వ్యాను నిలబడి ఉంటుంది, విమానం టికెట్ తీసి ఉంటుంది. సంతకం పెట్టకపోతే గేటు తీయరు. ఆ స్థితిలో పెట్టొద్దని ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను.

మా ఆయన సంతకం పెట్టారు. పెట్టి, దాని కిందే తెలుగులో "ఈ భాష నాకు రాదు. ఎవరూ చదివి చెప్పలేదు" అని రాసి తేదీ వేశారు. అక్కడి గార్డు అది ఆయన పూర్తి పేరనుకున్నాడట. వాళ్ల తాతగారు సోంపేట దగ్గర ఏదో కాగితం మీద వేలిముద్ర వేసి రెండెకరాలు పోగొట్టుకున్న కథ చిన్నప్పటి నుంచి ఇంట్లో వింటూ పెరిగారు, ఆ భయమే ఆయనచేత అలా రాయించింది. తర్వాత ఆ దేశం తరఫు లాయరు ఆ కాగితం కోర్టులో పెట్టినప్పుడు మా లాయరు తెలుగు అనువాదం జతచేశారు. ఆ కాగితం చెల్లదని వాదించడానికి అంతకంటే బలమైనది ఇంకేం దొరుకుతుంది?

ఇంకో సంగతి. పరిహారం గురించి రాజీ మాటలు నడిస్తే, అవతలి ప్రభుత్వం "తప్పు ఒప్పుకోకుండా, మానవతా దృక్పథంతో" అనే మాట పెట్టమంటుంది. మనకి కడుపు మండుతుంది. కానీ డబ్బు కావాలంటే ఆ మాట దగ్గర పట్టుబట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ప్రభుత్వాలకి పరువు పెద్దది. ఆ ఒక్క మాట వదిలేస్తే అంకె దగ్గర మెత్తబడతారు. డాక్టర్ మహమ్మద్ హనీఫ్ గుర్తున్నారా? 2007 జూలైలో ఆస్ట్రేలియాలో ఉగ్రవాద కేసులో పట్టుకుని, నిలబడక కేసు ఎత్తేశారు. ఆ ప్రభుత్వమే విచారణ వేయించింది, చివరికి 2010 డిసెంబరులో రాజీ కుదిరి గణనీయమైన మొత్తం ముట్టింది. ఎంతన్నది ఇప్పటికీ బయటపెట్టలేదు. రాజీ పత్రంలో "పూర్తి, చివరి సెటిల్‌మెంట్" అని ఉంటే మాత్రం రెండుసార్లు ఆలోచించండి, ఆ తర్వాత మన ప్రభుత్వం కూడా ఆ విషయం మళ్లీ ఎత్తదు.

కేసు కొట్టేసినంత మాత్రాన

ఇక్కడ చాలామంది పొరబడతారు. నిర్దోషి అని తీర్పు వస్తే పరిహారం దానంతటదే వస్తుందనుకుంటారు. దేశాన్ని బట్టి ఉంటుంది. జర్మనీలో నిర్దోషిగా తేలితే జైల్లో ఉన్న రోజుకి 75 యూరోల లెక్కన చట్టంలోనే రేటు ఉంది, జీతం నష్టం దానికి అదనం. జపాన్‌లో రోజుకి 12,500 యెన్ల దాకా ఇస్తారు, తీర్పు ఖాయమైన మూడేళ్లలోపు అడగాలి. ఇటలీలో గడువు రెండేళ్లే. ఇంగ్లండ్ పద్ధతి చట్టం ఉన్న దేశాల్లో ఈ లెక్క నడవదు. అక్కడ పోలీసులు సహేతుకమైన అనుమానం లేకుండానే పట్టుకున్నారనో, దురుద్దేశంతో కేసు పెట్టారనో విడిగా రుజువు చేయాలి. అందుకే లాయర్ని అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎంతొస్తుంది" కాదమ్మా, "గడువు ఏ తేదీ వరకు, ఆ తేదీ ఎక్కడి నుంచి లెక్క" అని.

అంతర్జాతీయంగా చెప్పుకోవడానికి పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక ఉంది. అందులో 9వ అధికరణం అయిదో క్లాజు ప్రకారం చట్టవిరుద్ధంగా నిర్బంధించిన ప్రతి మనిషికీ పరిహారం అడిగే హక్కు ఉంది. ఆ దేశం అందులో చేరిందో లేదో చూసుకోండి. సౌదీ, యూఏఈ, మలేసియా, సింగపూర్ చేరలేదు. కువైట్ చేరింది, ఖతార్ 2018లో చేరింది. చేరని దేశంలో ఈ క్లాజు పేరెత్తినా లాభం లేదు, అక్కడి సొంత చట్టం మీదే వెళ్లాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. మన దేశం 1979లో ఈ ఒడంబడికలో చేరినప్పుడు సరిగ్గా ఆ క్లాజు దగ్గరే మినహాయింపు పెట్టుకుంది. మీ దేశమే ఒప్పుకోలేదు కదా అని అవతలివాళ్లు అనే వీలుంది. దానికి జవాబు 1983 నాటి రుదుల్ షా కేసు. నిర్దోషిగా తేలాక కూడా బీహార్ జైల్లో 14 ఏళ్లు ఉంచేసిన మనిషికి మన సుప్రీంకోర్టు పరిహారం ఇప్పించింది. మినహాయింపు ఉన్నా మా దేశంలో ఇస్తున్నాం అని చెప్పడానికి ఆ తీర్పు కాపీ మా ఫైల్లో పెట్టించాను.

లాయరుకి ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీ గురించి. ఇక్కడ నోటరీ చేయించి, ఆ దేశం హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో ఉంటే విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర (కాగితం అసలైనదేనని అవతలి దేశానికి చెప్పే ముద్ర) వేయించాలి. లేకపోతే ఢిల్లీలో ఆ దేశం ఎంబసీ అటెస్టేషన్ కావాలి. ఎంత తొందరలో ఉన్నా అందులో ప్రతి లైనూ చదవండి. కేసు నడిపే అధికారం ఇవ్వండి. డబ్బు తీసుకునే అధికారం, రాజీ చేసుకునే అధికారం ఇవ్వకండి. "వచ్చిన మొత్తం కక్షిదారు బ్యాంకు ఖాతాకే" అని రాయించండి. ఫీజు ఏ దశకి ఎంతో కాగితం మీద ఉండాలి. విదేశాల్లోని మనవాళ్ల కోసం 2009లో పెట్టిన సంక్షేమ నిధి నుంచి, ఇబ్బందుల్లో ఉన్నవాళ్లకి లాయరు ఖర్చు కొంత ఎంబసీ భరించే వీలుంది, అర్హత చూసి వాళ్లే నిర్ణయిస్తారు. అడగండి. ఢిల్లీలో మనవాళ్లున్నారు, 50 వేలు ఇస్తే ఫైలు కదిలిస్తా అనే మనిషి మా ఇంటికీ వచ్చాడు. మీ ఇంటికీ వస్తాడు. టీ ఇచ్చి పంపేయండి.

నష్టం రుజువు చేయడం

అహ్మదూ సాదియో డియాల్లో అని గినియా దేశపు వ్యాపారి. కాంగోలో ఉండేవాడు. 1995 నవంబరులో పట్టుకుని 66 రోజులు నిర్బంధించి, తర్వాత దేశం నుంచి పంపేశారు. గినియా ప్రభుత్వం అతని తరఫున అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లి గెలిచింది. దౌత్య రక్షణ అంటే ఏంటో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. అయితే 2012లో పరిహారం లెక్క కట్టేటప్పుడు ఏమైందంటే, గినియా కోటి డాలర్లకి పైగా అడిగితే కోర్టు ఇచ్చింది 95,000. మానసిక వ్యథకి 85,000, ఇంటి సామానుకి 10,000. పోయిన సంపాదనకి సున్నా. నెలకి 25,000 డాలర్లు వచ్చేవన్నారు కానీ బ్యాంకు లెక్కలు, పన్ను కాగితాలు చూపించలేకపోయారు.

ఇది చదివిన రాత్రి నేను ట్రంకుపెట్టె తీసి కూర్చున్నాను. మా ఆయన అంతకుముందు మూడు ట్రిప్పుల జీతం ఇంటి ఖాతాలో పడిన స్టేట్‌మెంట్లు, కాంట్రాక్టు కాపీ, సీడీసీ పుస్తకంలో (ఓడ ఉద్యోగి సర్వీసు పుస్తకం) సైన్ ఆన్, సైన్ ఆఫ్ ముద్రలు, అంటే ఓడ ఎక్కిన, దిగిన తేదీలు అన్నీ వరసగా పెట్టాను. తర్వాత నా వైపు కాగితాలు. బంగారం కుదువ పెట్టిన రసీదులు నాలుగు, అందులో రెండు వేలంలో పోయినట్టు నోటీసు. చీటీ మధ్యలో ఆపేసినందుకు కోత పెట్టిన కాగితం. పాప స్కూలు ఫీజు ఆలస్యానికి కట్టిన జరిమానా. వేలంలో పోయిన వాటిలో ఒకటి మా అమ్మ పెట్టిన కాసులపేరు. రసీదులో "42 గ్రాములు" అని మాత్రమే ఉంది. లాయరుకి పంపేటప్పుడు దాని పక్కన అది ఏంటో, ఎవరిచ్చారో ఒక లైను రాశాను. మీరూ రాయండి. మానసిక వ్యథ అనే పద్దు కింద చూసేది అలాంటివే.

మనిషి ఇంటికి రాగానే వారం లోపల డాక్టరుకి చూపించాలి. మేం ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌కి తీసుకెళ్లాం. బరువు, ఎక్స్‌రే, చర్మం మీద మచ్చలు అన్నీ ఓపీ చీటీ మీద రాయించాం. నిద్ర పట్టక రాత్రుళ్లు లేచి తలుపు గడియ చూసుకుంటుంటే చినవాల్తేరు మానసిక ఆసుపత్రికి కూడా వెళ్లాం. అక్కడికెళ్తే జనం ఏమనుకుంటారో అని మా అత్తగారు రెండు రోజులు ఒప్పుకోలేదు. మనిషి బాగుపడటం కోసం వెళ్లాం, నిజం. కానీ ఆ చీటీల మీద తేదీలు ఆర్నెల్ల తర్వాత పుట్టించగలిగేవి కావు. ఫ్రెంచి కాగితాల అనువాదానికి మాత్రం సర్టిఫైడ్ అనువాదకుల ముద్రే చెల్లుతుంది, ఫోన్లో చేసిన అనువాదం అర్థం తెలుసుకోవడానికే పనికొస్తుంది.

ఓడ వాళ్లకి ఇంకో రెండు దారులు

సీమెన్ ఇళ్ల వాళ్లు ప్రభుత్వం మీద క్లెయిమ్, ఓనరు మీద క్లెయిమ్ కలిపేయకండి. జీతం ఓనరు బాధ్యత. మాకు క్రూ పంపిన ఏజెన్సీ, సైన్ ఆఫ్ తేదీని అరెస్టయిన రోజుగా వేయబోయింది. అలా వేస్తే ఆ తర్వాత 10 నెలల జీతం లేనట్టే. ఇంటికి చేరిన రోజే సైన్ ఆఫ్ అని కాంట్రాక్టు చూపించి పట్టుబట్టాం. ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర కార్యాలయం డీజీ షిప్పింగ్‌కి రాసి, కాపీ ఇక్కడి మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్‌కి ఇచ్చాం, యూనియన్ కూడా తోడు నిలిచింది. ఏడు నెలలకి ఓనరు ఇన్సూరెన్స్ నుంచి బాకీ జీతం వచ్చింది. అది సాధ్యమైంది ఏజెన్సీకి ఆర్‌పీఎస్ఎల్ లైసెన్సు, అంటే సిబ్బందిని ఓడలకి పంపే అనుమతి, ఉండబట్టే. లైసెన్సు లేని ఏజెంటు ద్వారా వెళ్లినవాళ్లకి నిలదీయడానికి మనిషే దొరకడు.

రెండో దారి జెండా దేశం. ఓడ ఏ దేశం జెండా కింద రిజిస్టరైందో ఆ దేశం, సిబ్బంది ఏ దేశస్థులైనా సరే వాళ్లందరి తరఫునా అడగొచ్చు. 1997లో గినియా పట్టుకున్న సైగా అనే ట్యాంకర్ కూడా సముద్రంలో చేపల పడవలకి డీజిల్ అమ్మేదే. దాని జెండా దేశం సెయింట్ విన్సెంట్, చాలా చిన్న దేశం. హాంబర్గ్‌లోని సముద్ర చట్ట ట్రిబ్యునల్ 1999లో 21 లక్షల డాలర్లకి పైగా ఇప్పించింది. కెప్టెన్‌ని, సిబ్బందిని నిర్బంధించినందుకు కట్టాల్సింది కూడా అందులో ఉంది. 2022లో 16 మంది భారతీయులతో పట్టుబడిన హీరోయిక్ ఇదున్ అనే ఓడ విషయంలోనూ ట్రిబ్యునల్‌కి వెళ్లింది జెండా దేశం మార్షల్ దీవులే. కాబట్టి ఎంబసీకి రాసే ప్రతి ఉత్తరం కాపీ జెండా దేశం రిజిస్ట్రీకి కూడా పంపండి. వాళ్లు జవాబివ్వకపోయినా మీరు అడిగారన్న రుజువు మిగులుతుంది.

చేపల వేటకి వెళ్లి దొరికిపోయిన కుటుంబాల సంగతి వేరు. 2018 చివర్లో గుజరాత్ నుంచి వేటకెళ్లి పాకిస్తాన్‌కి చిక్కిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. రాష్ట్ర ప్రభుత్వం మనిషికి 5 లక్షలు ఇచ్చింది. అది మన ప్రభుత్వం చేసిన సాయం, అవతలి దేశం ఇచ్చిన పరిహారం కాదు. అది తీసుకున్నంత మాత్రాన అడిగే హక్కు పోదు. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం 73వ అధికరణం ప్రకారం, రెండు దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప, ప్రత్యేక ఆర్థిక మండలంలో (తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా ఆ దేశానికి వేట హక్కులున్న సముద్రం) వేట నేరానికి జైలు శిక్ష వేయకూడదు, పూచీ కడితే పడవని, మనుషుల్ని త్వరగా వదిలేయాలి. తీరానికి 12 నాటికల్ మైళ్ల లోపల దొరికితే ఈ రక్షణ వర్తించదు. అందుకే జీపీఎస్ ట్రాక్ అంత ముఖ్యం. పడవతో పాటు జీపీఎస్ కూడా పోతుంది, నిజమే. పక్క పడవ వాళ్ల జీపీఎస్‌లో ఆ రోజు ట్రాక్ ఉంటుంది. వాళ్లు మళ్లీ వేటకెళ్లి చెరిపేయకముందే ఫొటో తీసుకోండి.

పేపర్ల వాళ్లతో

మనిషి లోపల ఉన్నంతకాలం పేపర్లకి, టీవీలకి చెప్పండి, ఎంపీ దగ్గరికి వెళ్లండి, పార్లమెంటులో ప్రశ్న వేయించండి. మేమూ కలెక్టరేట్ ముందు పిల్లల్ని పట్టుకుని కూర్చున్నాం. బయటికొచ్చి రాజీ మాటలు మొదలయ్యాక ఆపేయండి. ఒక కుటుంబం, పేరు చెప్పను, ఇంకా సంతకాలు కాకుండానే ఇంత వస్తోందని ఒక ఛానల్‌కి చెప్పేసింది. అవతలి వాళ్లు అలాంటి మాటే జరగలేదని కూర్చున్నారు.

రాజీ కుదరలేదు, అక్కడి పై కోర్టు కూడా కాదంది అనుకోండి. అప్పుడు తీర్పుల సర్టిఫైడ్ కాపీలన్నీ జతచేసి, దౌత్య రక్షణ కింద మా క్లెయిమ్ చేపట్టమని విదేశాంగ శాఖకి రాయాలి. జవాబు లేకపోతే మా వినతి మీద నిర్ణయం తీసుకోమని హైకోర్టులో రిట్ వేయొచ్చు. డబ్బు ఇప్పించమని కోర్టు చెప్పలేకపోవచ్చు, నిర్ణయం తీసుకోమని చెప్పగలదు.

మేం ఇంకా అంతదూరం వెళ్లలేదు. పిటిషన్ అక్కడి కోర్టులోనే ఉంది. మొత్తం ఎంతన్నది ఇంకా తేలలేదు. కానీ పోయిన నెల వచ్చిన మధ్యంతర ఉత్తర్వు అనువాదం నిన్న చేతికొచ్చింది. మా ఆయన కళ్లజోడు పెట్టుకుని మూడో పేజీ దగ్గర ఆగి, వేలు పెట్టి నాకు చూపించారు. నిర్బంధంలో ఉన్న కాలం అన్న చోట 311 రోజులు అని ఉంది.